అన్నింటికీ ఒకే తేదీ

సుభాష్‌పల్లి, జులై 4

ప్రియమైన ఇందూ,

“తాతయ్య పుస్తకం” అని రాశావు. దిద్దుకో. ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే తెలుగు కుటుంబాల కథలు ఇల్లిల్లూ తిరిగి అడిగి, పదకొండేళ్లు టైపు చేసింది నేను. మీ తాతయ్య చేసిందల్లా పైన తన పేరు వేసి తమ్ముడికి ఇవ్వడం. మార్చిలో ఆయన పోయారు. నెలాఖరుకు మీ చిన్నతాత గిరిబాబు దాన్ని ఆయన పేరుతోనే అచ్చు వేయిస్తున్నాడు.

ఇంట్లో కంప్యూటర్‌లో నా ఫైళ్లు సంచిలో సంచి పెట్టినట్టు దాచాను. ఎక్కడో నాకే గుర్తులేదు. వెతికిపెట్టు. జవాబు ఉత్తరంలోనే రాయి. మీ నాన్నకు వినడం వచ్చు, తెలుగు చదవడం రాదు.

నీ మామ్మ,
మీనాకుమారి

హిజ్లీ హాస్టల్, జులై 9

ప్రియమైన మామ్మా,

ఆదివారం వచ్చినప్పుడు అన్నీ నా లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్నాను. మంచిదైంది, మర్నాడే నాన్న ఆ కంప్యూటర్‌ని పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశాడు.

వెతకడానికి చిన్న ప్రోగ్రాం రాశాను. బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్ల తెర మీద ఫోల్డర్ పేరు టైపు చేస్తే, లోపలి ఫోల్డర్లలోకీ దూరి ఫైళ్ల పేర్లన్నీ వరుసగా చెబుతుంది. మూడు మెట్లు దిగి ఆగుతుంది. జాబితా పొడవైతే ఎవరు చదువుతారు? నీ పుస్తకం మాత్రం కనబడలేదు.

నీ ఇందు

సుభాష్‌పల్లి, జులై 10

ప్రియమైన ఇందూ,

ఎవరు చదువుతారా? నేను. ముప్పై ఏళ్లు రైల్వే బడి పిల్లల వ్యాసాలు చదివినదాన్ని. మూడో మెట్టు దగ్గర ఆగమని దానికెవరు చెప్పారు? అడుగు తగిలేదాకా దిగనివ్వు.

పేరు పక్కన తేదీ కూడా వేయించు. నేను మొదటి అధ్యాయం రాసేనాటికి మీ తాతయ్యకు కంప్యూటర్ ఆన్ చేయడం రాదు. ఆ సంగతి గిరిబాబుకు తెలుసు. జాబితా కాగితం మీద తీసి నేరుగా అతనికే పంపు.

మామ్మ

హిజ్లీ, జులై 16

ప్రియమైన మామ్మా,

తొమ్మిదో మెట్టులో దొరికాయి, పదిహేను అధ్యాయాలూ. చెప్పినట్టే జాబితా చిన్నతాతకు పంపాను. పంపాక సరిగ్గా చూశాను. అన్నింటికీ ఒకే తేదీ, జులై ఆరు. నేను కాపీ చేసిన రోజు. పాత తేదీలు అలాగే ఉంచమని కాపీ చేసేటప్పుడే చెప్పాలి. మరిచిపోయాను. కబాడీ దుకాణానికి పరిగెత్తాను. డిస్కు అప్పటికే పగలగొట్టేశారు.

నా ప్రోగ్రాం అబద్ధం చెప్పింది. నన్ను తిట్టు.

ఇందు

సుభాష్‌పల్లి, జులై 21

ప్రియమైన ఇందూ,

అది అబద్ధం చెప్పలేదు, అడిగింది చెప్పింది. అబద్ధాలాడేందుకు ఇంట్లో వేరే మనుషులున్నారు.

నిన్న గిరిబాబు కాగితం పట్టుకుని వచ్చాడు. “ఏటి వదినా, అన్నయ్య మార్చిలో పోతే నువ్వు జులైలో కూకుని కాపీ సేసినావా? పోన్లే, ఎవులికీ సెప్పను” అన్నాడు. జాలిగా అన్నాడు. అదే ఒళ్లు మండించింది. మీ నాన్న పక్కనే ఉండి, “టీ తాగుతావా బాబాయ్” అని అడిగాడు.

నిన్ను తిట్టను. ఈ ఇంట్లో నా మాట నమ్మి అడుగుదాకా దిగింది నువ్వొక్కదానివే.

ఆదివారం ఆవిష్కరణ. రచయితగారి భార్యకు వేదిక మీద కుర్చీ వేస్తారట. వెళ్తాను. నా వాక్యాలు ఎవరెలా చదువుతారో వినాలి. మీ తాతయ్య ఫొటోకు దండ నన్నే తెమ్మన్నారు. వచ్చేటప్పుడు గోల్‌బజార్‌లో బంతిపూలది ఒకటి పట్టుకురా. చిన్నది చాలు, బేరమాడి తీసుకో.

మామ్మ