పిన్ని వండి చూసిన సూప్

ఆగస్టు 9, శనివారం

చిరంజీవి చెల్లికి,

అక్క దీవించి రాస్తున్నది. నీ ఒంటి మీద కొత్త దెబ్బలేవీ లేవనే అనుకుంటాను. ఇక్కడి క్షేమం గురించి రాసే ఓపిక నాకు లేదు. నీ ఫోను నీ మొగుడి జేబులో ఉంటుంది కాబట్టి, ఈ ఉత్తరం నువ్వు పనిచేసే కుట్టు దుకాణానికి పంపుతున్నాను.

కేసు వెనక్కి తీసుకోమని రాశావు. మాటామాటా పెరిగి చెయ్యి తగిలిందట, అంతేనట. అది అతను నీకు చెప్పిన కథ. నేను కళ్ళారా చూసింది చెబుతాను, విను.

మన వంటల పత్రిక సంగతి నీకు తెలుసు. హోటళ్ళ ప్రకటనలు పుచ్చుకోం, పొగడ్తలు అచ్చువేయం. ఎంత గొప్పవాడు పంపిన వంటకమైనా పిన్ని కాగితంలో ఉన్నది ఉన్నట్టు వండుతుంది. ఆవిడ నోటికి ఏమొస్తే అదే కింద అచ్చవుతుంది. నీ మొగుడు తాను వంట చేసే హోటల్లో పేరుమోసిన మాంసం సూప్ ఎలా చెయ్యాలో రాసి పంపాడు. పిన్ని వండి, ఒక చెంచా నోట్లో పోసుకుని, ఇది మన చిన్నదాని సూపేనే, ఎముకలు ముందు ఎర్రగా కాల్చాలన్న ముక్క దాచేసి పంపాడు గడుసు పిండం, అంది. నీ సూపు తనదని రాసుకున్నాడని పడీపడీ నవ్వుకున్నాం. అలవాటు చొప్పున ఆ మాట అలాగే అచ్చేశాం. నువ్వు ఆ ఇంట్లోనే ఉంటావని ఎవరికీ తట్టలేదు.

సోమవారం మధ్యాహ్నం మన పత్రిక వంటింటి తలుపు తన్నుకుని వచ్చాడు. ఒక చేతిలో పత్రిక, ఇంకో చేతిలో ఎముకలు కొట్టే కత్తి. ముందు అలమారా మీద పడ్డాడు. ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుని మనం కథల్లా చదువుకునే చిన్న చిన్న వంటల పత్రికలన్నీ చింపి పొయ్యిలో కుక్కాడు. ఆర్పబోయిన నన్ను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. రెండు పళ్ళు ఊడి సింకులో పడ్డాయి. పిన్ని ఊరుకుంటుందా? అట్లకాడతో అతని వీపు వాయించింది. ఇటు తిరిగి కత్తి ఆవిడ భుజంలో దింపాడు. ఆవిడ పడిపోయినా ఆగలేదు. పాఠకులు అడిగారని అప్పటిదాకా ఆ సూపే సరిగ్గా మళ్ళీ వండుతోంది పాపం. మరుగుతున్న ఆ గిన్నె ఎత్తి ఆవిడ మీద కుమ్మరించాడు. ఇప్పుడు చెప్పవే ముసలిదానా, ఎవరి సూపో చెప్పు అంటూ కడుపులో తన్నాడు. ఆ రక్తంలో పడి కూడా పిన్ని, చిన్నదానిదేరా అంది.

అది చెయ్యి తగలడమా? హోటలు యజమాని వకీలుని పెట్టి, కొట్లాట కేసని రాయించి, బుధవారానికల్లా అతన్ని విడిపించాడు. అలాంటివాడికి నువ్వు అన్నం వడ్డిస్తున్నావని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతోంది, వెంటనే ఏడుపూ వస్తోంది. మెడ మీద మచ్చలు కనబడకుండా కాలరు జాకెట్లు కుట్టుకుంటున్నావని నాకు తెలియదనుకున్నావా? వచ్చెయ్, తల్లీ. ఇక్కడ గది ఉంది, పని ఉంది.

ఇట్లు,
నీ అక్క

తా.క.: పిన్నికి ఎలా ఉందని నీ ఉత్తరంలో రెండుసార్లు అడిగావు. పైనంతా రాశాను గానీ ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. పిన్ని నిన్న పొద్దున ఆసుపత్రిలో పోయింది. అతనికి ఇంకా తెలియదు. వెనక్కి తీసుకోవడానికి ఇది ఇక కొట్లాట కేసు కాదు. సాయంత్రం పోలీసులు మీ ఇంటికి వస్తున్నారు. ఈ ఉత్తరం ఇచ్చినావిడ మా ప్రెస్సు వ్యాన్ నడుపుతుంది, నీకోసమే నిలబడి ఉంది. ఇంటికి వెళ్ళకు, ఉన్నపళంగా ఎక్కెయ్. నువ్వొచ్చి చూసేదాకా పిన్నిని కదలనివ్వను.