తమ్ముడు గీసిన గీత

9 జూన్, సోమవారం

ఈరోజు కరెంటు మొదలు, అదే రేడియేషన్. పట్నం ఆసుపత్రిలో బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఊదారంగు గీతలు గీశారు. అడ్డం రెండు, నిలువు ఒకటి. వెన్నులో గడ్డ... కోసి తీసిన రెండేళ్లకు మళ్ళీ అక్కడే. అరుదైనదట. నరాన్ని నొక్కితే కాళ్లు పోతాయట. గీతల గురి చూసే కరెంటు పెడతారట, అవి చెరగకూడదు, సబ్బు తగలకూడదు.

నాకు చెబుతున్నారు గీతల సంగతి. ఆరేళ్లు షెడ్డులో ఇనుప ప్లేట్ల మీద కోతకు గీతలు మార్కింగ్ చేసినవాడికి.

10 జూన్, మంగళవారం

నా జాగాలో ఇప్పుడు తమ్ముడు మల్లేశ్. నా స్కేలు, నా సుద్ద. పని నేర్పింది నేనే. ఆసుపత్రి నుంచి బండి మీద నన్ను ముత్తంగిలో ఇంటి ముందు దింపి సెకండ్ షిఫ్టుకు ఉరుకుతాడు. వంగుతాడు, లేస్తాడు, ప్లేటు ఎత్తుతాడు. ఆ నడుము చూస్తే ఒళ్లు మండుతుంది.

12 జూన్, గురువారం

సూపర్‌వైజర్ ఫోన్. నా ఒంట్లో ఎట్లుందని ఒక్క ముక్క. మిగతాదంతా వాడి గొప్పే. "నీకన్న సాఫ్ గీస్తుండురా నీ తమ్ముడు." అన్నం ముట్టలేదు.

15 జూన్, ఆదివారం

రేకుల ఇల్లు, చెమట. గీతలు సగం పోయాయి. నా వీపు నాకు అందదు. వాణ్ణే అడగాల్సి వచ్చింది, చావు. షెడ్డు మార్కరు తెచ్చాడు. మంచం అంచున కూర్చున్నా. మిగిలిన జాడ పట్టుకుని గీశాడు, ఊపిరి బిగబట్టి. "జెర కదలకు అన్నా."

16 జూన్, సోమవారం

టెక్నీషియన్ మేడం చూడగానే ఇది ఎవరు గీశారంది. గీత అర వేలి మందం పక్కకు పోయింది. మళ్ళీ స్కాన్, మళ్ళీ కొలతలు. రెండు రోజులు కరెంటు లేదు.

వాడి మొహంలో నెత్తురు లేదు. నాకు — ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తా — సంతోషమైంది. వాడి గీత తప్పింది. నా వెన్ను మీదే తప్పింది. అయినా సంతోషమే.

17 జూన్, మంగళవారం

షెడ్డుకు పోలేదు వాడు. ఇగ సుద్ద పట్టనని అమ్మతో అన్నాడట. "పని నేర్పింది నువ్వే గద బిడ్డా. నువ్వన్నా ఒక మాట చెప్పు." చెప్పలేదు.

18 జూన్, బుధవారం

కొత్త గీతలు గీశారు. బల్ల మీద బోర్లా పడుకున్నాక తెలిసింది. కూర్చుంటే వీపు తోలు ఒకచోట, పడుకుంటే ఇంకోచోట. ప్లేటు సాపుగా పరిచాకే గీత — షెడ్డులో మొదటి రోజు వాడికి నేను నేర్పిన మొదటి మాట. వాడి చెయ్యి తప్పలేదు. ఆ రోజు పడుకోకుండా కూర్చున్నది నేను.

బండి పటాన్‌చెరు దాటింది. ఎడమ కాలి బొటనవేలు మళ్ళీ తిమ్మిరి... వాడు ముందుకే చూస్తూ అడిగాడు.

"అన్నా, యాడ తప్పిన నేను?"

గాలికి వినపడనట్టు ఊరుకున్నా.