నాయన సన్నాయికి బెజ్జం

మే 4
పెట్టె తెరిచాను. నాయన సన్నాయికి కొత్త బెజ్జం! ఊదే పీకకు నాలుగు వేళ్ళ కింద... డ్రిల్లుతో తొలిచి, చిన్న మైకు దూర్చి, వైరు లాప్‌టాప్‌కి తగిలించాడు. ఎవడో కాదు, నా తమ్ముడు మస్తానే. ఉదయగిరి నుంచి చూడ్డానికొచ్చి, నేను బజారుకు పోయిన గంటలో ఈ ఘనకార్యం. "చెప్తే ఒప్పుకోవు గదన్నా, అందుకే చెప్పలా." చెయ్యెత్తాను. మా ఆవిడ అడ్డం వచ్చింది.

మే 5
నేను ఊదింది మైకు పట్టుకుంటుందట. లాప్‌టాప్ దాన్ని శాక్సాఫోన్ చేస్తుంది, వయొలిన్ చేస్తుంది — ఏది కావాలంటే అది. "డీజేలొచ్చి మన పొట్ట కొడతా ఉంటే, ఇంకా ఎన్నాళ్ళు ఊదతావన్నా ఉత్త సన్నాయి?"
ఉత్త సన్నాయంట! నాయన చచ్చేదాకా ఊపిరి పోసింది ఉత్తదానికా?

మే 9
ఆత్మకూరులో పెళ్ళి. ఒప్పుకోవడం నాదే బుద్ధి తక్కువ. పంతులు వేలెత్తాడు, గట్టిమేళం అందుకున్నాను — నా స్వరం ముందు, లాప్‌టాప్ శాక్సాఫోన్ రెప్పపాటు వెనక. డోలు సుబ్బయ్య ఎవరితో కొట్టాలో తెలియక నా మొహం చూస్తాడు. నేను గమకం లాగితే అది మెట్లు దిగుతుంది. పెళ్ళికొడుకు మేనమామ వచ్చి, "సన్నాయి కొంచెం తగ్గించయ్యా, మ్యూజిక్ వినపడలా."
ఒళ్ళు మండిపోయింది.

మే 10
మైకు పీకి మస్తాను మొహాన కొట్టాను.

మే 11
బెజ్జంలోంచి గాలి పోతోంది. పలకదు. మైనం పెడితే వేడికి జారింది. లక్క పగిలింది. ఎల్లుండే ఉదయగిరిలో స్వామి కల్యాణం, ఏటా నాయన ఊదిన చోట. ధర్మకర్త రెడ్డిగారి ఫోను: "ఆత్మకూరు పెళ్ళి సంగతి విన్నా. మిషను గిషను వద్దు దస్తగిరీ. మీ నాయన సన్నాయే పలకాల. లేదంటే వింజమూరు మేళమోళ్ళను పిలుస్తాం, మళ్ళీ ఏటికీ వాళ్ళే."
మస్తానూ, నీ చేతులు పడిపోనూ!

మే 12
గుమ్మంలో వాడు. చేతిలో అదే మైకు. "ఆ బెజ్జానికి ఇదొక్కటే సరిపోతాదన్నా. కొలత పెట్టి తొలిచినా. లాప్‌టాప్ తగిలించొద్దులే."
లాక్కుని తలుపేశాను. బిగించి ఊదాను... పలికింది. అచ్చం నాయన పలికించినట్టే. ఆ దిక్కుమాలిన మైకు ఉంటేనే పలుకుతుందట! కోపంతోనే ఏడ్చాను.

మే 13
ఉదయగిరి బస్సు. మైకు మీద దారం చుట్టాను, కనపడదు. వైరు మాత్రం ఎంత చుట్టినా దాగక మూరెడు వేలాడుతోంది. రెడ్డిగారి కంట పడితే అయిపోయినట్టే. వైరు కోస్తే మైకు ఇక ఎందుకూ పనికిరాదు — వాడు పెళ్ళాం గాజులమ్మి కొన్నాడని మా ఆవిడ ఇప్పుడు ఫోనులో చెబుతోంది. ముందే ఏడవొచ్చు కదా!
వాడు వెనక సీట్లో ఉన్నాడు. నా చేతిలో కత్తెర చూశాడు.
కొండ కనిపిస్తోంది. ఇంకా కోయలేదు...