వలస వెళ్ళని పాప గురించి

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు

అర్జీదారు: కిషోర్‌బాబు, మోటారు వైండింగ్ షాపు, జగ్గయ్యపేట. నివాసం పెనుగంచిప్రోలు వెళ్ళే దారిలోని పల్లె.

విషయం: మా కుమార్తె యశస్విని (తొమ్మిదేళ్ళు) ఇంటి వద్దనే చదువుకొనుచుండగా 'వలస' అని నమోదు చేయుట గురించియు, ఆమెను బడి మాన్పించుటపై పలువురు చేయుచున్న ఆక్షేపణలకు సమాధానము గురించియు.

అయ్యా,

(తమరి సీటులోకి కొత్తగా అమ్మగారు వచ్చారని కొందరు, ఇంకా రాలేదని కొందరు అంటున్నారు. వచ్చి ఉంటే 'అమ్మా' అని చదువుకోగలరు.)

పొలాల్లో కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి బతికేవాడను. అర్జీలు రాసే అలవాటు లేదు. పిల్లను వెంటనే ఏదో ఒక బడిలో చేర్చవలెననియు, లేనియెడల తల్లిదండ్రులు హాజరై సంజాయిషీ ఇవ్వవలెననియు తమ వద్ద నుండి నోటీసు అందినది. సంజాయిషీ ఈ దిగువ ఇచ్చుకొనుచున్నాను.

1. వలస విషయము. సర్వేకు వచ్చిన రోజారమణి గారు మంచి మనిషి. మా వరండాలో కూర్చుని మజ్జిగ తాగి, పాప చేత భాగహారం చేయించి చూసి, భేష్ అన్నారు. తర్వాత ఫోను తెరిచి, బడికి రాకపోవుటకు కారణం నొక్కబోయారు. అందులో పెళ్ళి, పని, జబ్బు, వలస, మరణం ఉన్నాయి గాని ఇంటి దగ్గర చదువు అన్నది లేదు. "ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు పోదండి. ఉన్నవాటిల్లో ఇదే కాస్త మర్యాదగా ఉంది," అని వలస నొక్కారు. పాప అప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది. వలస పోయిన పిల్లకు నోటీసు మా ఇంటికే సరిగ్గా ఎలా వచ్చిందో తమరే విచారించవలెను.

2. బడి మాన్పించుటకు కారణము. మా పాపకు నత్తి ఉన్నది. అన్నీ తెలుసు, చెప్పబోతే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. నందిగామలో ఒక ప్రైవేటు బడిలో చేర్పించాము. బడి పేరు రాయను, గొడవ పెంచుకోవడం నా ఉద్దేశం కాదు. ఒకనాడు పొద్దున నేనే బండి మీద దింపి షాపుకు వచ్చాను. మోటారు విప్పి కూర్చున్నానో లేదో, 'మీ పాప ఈ రోజు పాఠశాలకు రాలేదు' అని ఫోనుకు మెసేజీ వచ్చింది. గేటు దాకా దింపిన పిల్ల లోపలికి రాలేదంటే ఏ తండ్రి ఏమనుకుంటాడో తమరే ఆలోచించండి. విప్పిన మోటారు విప్పినట్టే వదిలేసి, హైవే మీద లారీల మధ్య ఎలా పోయానో నాకు తెలియదు. పోయి చూస్తే పాప తన బెంచీలోనే ఉంది. ముందు పుస్తకం తెరిచి ఉంది.

"హాజరు పిలిస్తే పలకలేదండి. పలక్కపోతే ఆబ్సెంటే వేస్తాం. మిగతా పిల్లలు కూడా ఉన్నారు కదండీ, ఎంతసేపని ఆగుతాం?" అన్నారు టీచరు గారు. పాప పలకబోతూనే ఉందట. ఆ మాట బయటికి వచ్చేలోపు పిల్లలు నవ్వారు, ఆవిడ తర్వాతి పేరుకు వెళ్ళిపోయారు. అదే మొదటిసారి కూడా కాదని ఇంటికి తెచ్చే దారిలో పాప చెబితే తెలిసింది. బడికి నా నంబరు ఇవ్వకముందు మెసేజీలన్నీ వాళ్ళమ్మ పాత నంబరుకు పోయాయి. అయ్యా, కళ్ళెదురుగా కూర్చున్న పిల్లను లేదని రాసే చోట నా పిల్లను మళ్ళీ కూర్చోబెట్టలేకపోయాను. అక్కడ లేదన్నారు, ఇప్పుడు తమ ఫోనులో ఊళ్ళోనే లేదంటున్నారు. ఇంకొక మెట్టు ఎక్కితే మిగిలింది ఆ ఫోనులోని చివరి కారణమే.

3. ఆక్షేపణలు. తమకు ఫిర్యాదు చేసినది మా ఆవిడ పెదనాన్న, రిటైరయిన హెడ్మాస్టరు బ్రహ్మయ్య గారని మాకు తెలుసు. ఆయనే చెప్పారు. దాచుకునే రకం కాదు. "ఏవయ్యా అల్లుడూ, మోటారైతే ఇంట్లో పెట్టుకుని బాగుచేసుకుంటావు. పిల్లని నలుగురిలో వదలకుండా ఎట్టా బాగుచేస్తావు?" అన్నారు. నా పిల్ల పాడయిందని నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

షాపుకు వచ్చే రైతులు తలా ఒక మాట అంటారు. ఆడపిల్లను బడి మాన్పించి పనిలో పెట్టాడని కొందరు, డబ్బున్నవాళ్ళ వేషాలు మనకెందుకని కొందరు. మా అమ్మయితే, "నీకు డబ్బుకేమైనా ఇబ్బందిగా ఉందేమోనని వీధిలో అడుగుతున్నార్రా, ఏం చెప్పను?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇబ్బందిగానే ఉందని చెప్పమన్నాను.

4. ప్రస్తుతం చదువు. మా ఆవిడ సుస్మిత టీచరు ట్రైనింగు చేసి, డీఎస్సీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి, చివరకు ఒక్క విద్యార్థినితో సర్వీసులో చేరింది. పొద్దున లెక్కలు, తెలుగు, తర్వాత సైన్సు. పుస్తకాలు ప్రభుత్వం వారివే. మధ్యాహ్నం పాప మా గేదెకు కథలు చదివి వినిపిస్తుంది. గేదె తొందరపెట్టదు. టైము వచ్చినప్పుడు ఓపెన్ స్కూలులో పదో తరగతి రాయిస్తాము. తమరు ఎప్పుడైనా వచ్చి పరీక్షించవచ్చును. నోటితో అడిగితే జవాబుకు కాస్త ఆగవలెను.

5. ఇది ఆక్షేపణ కాదు, అయినా ఇక్కడే రాస్తున్నాను. ఇంతవరకు అందరికీ సమాధానం చెప్పాను. దీనికి నా దగ్గర లేదు.

మొన్న షాపుకు బయలుదేరుతుంటే పాప ఇంట్లో కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే మా ఊరి ప్రభుత్వ బడి ప్రహరీ బయట నిలబడి ఉంది. లోపల ప్రార్థన జరుగుతోంది. ఒక పిల్లవాడు ముందు చెబుతుంటే అందరూ ప్రతిజ్ఞ చేస్తున్నారు. గోడ ఇవతల మా పాప చెయ్యి చాచి, వాళ్ళతో పాటు గట్టిగా చెబుతోంది. ఒక్క చోట కూడా ఆగలేదు. ఒక్క అక్షరం తడబడలేదు. పుట్టిన తర్వాత నా కూతురు అంత పొడుగు మాట తెంపు లేకుండా మాట్లాడగా నేను వినడం అదే. బండి ఆపేసి, తను చూడకుండా పక్కకు తప్పుకున్నాను.

ఇంటికి వచ్చి చెబితే సుస్మిత ఆశ్చర్యపోలేదు. "అందరితో కలిసి చెప్పేటప్పుడు దానికి నత్తి రాదు. నాతో పద్యం చెప్పేటప్పుడూ రాదు. నువ్వు గమనించలా? అది రోజూ వెళ్తోంది. ప్రార్థన అయిపోయి పిల్లలు లోపలికి పోయిందాకా నిలబడి, అప్పుడు ఇంటికొస్తది. పాఠం నేను చెప్పగలను కిషోర్, అంతమంది గొంతులు ఎక్కణ్ణుంచి తేను?" అన్నది.

బ్రహ్మయ్య గారు చెప్పినది ఇదేనా అంటే కాదు. నలుగురిలో వదిలితే ఏం జరిగిందో చూశాను. కానీ ఆ నలుగురూ లేకుండా ఆ గొంతు రావడం లేదు. నాకు ఏమీ తోచడం లేదయ్యా. మోటారులో ఎక్కడ తెగిందో కనిపెడతాను గాని, ఇది నా వల్ల కావడం లేదు. భయంగా ఉంది.

కావున తమరు దయతో:

(అ) వలస అన్న మాట కొట్టివేసి, పాప ఈ ఊళ్ళోనే ఉన్నదని రాయించవలెను.

(ఆ) ఇంట్లో చదువుకొనుటకు అడ్డు చెప్పకుండా, రోజూ ప్రార్థనకు మాత్రం ఆ బడి గేటు లోపల, పిల్లల వరుసలో నిలబడుటకు అనుమతించవలెను. ఇలాంటి అనుమతికి రూలు లేదని తెలుసు. గోడ బయట నిలబడుటకు కూడా రూలు లేదు, అయినా నిలబడుతోంది.

ఓపికగా చిత్తగించవలెనని వేడుకొనుచు,

విధేయత తప్పని, నిద్ర తప్పిన
కిషోర్‌బాబు

తా.క. నా రాత ఎవరికీ అర్థం కాదు గనుక ఈ అర్జీ శుభ్రప్రతి మా పాపే రాసింది. తన గురించి ఉన్నదంతా తలెత్తకుండా రాసుకుంటూ పోయింది. (ఆ) దగ్గర మాత్రం ఆగి అడిగింది. "నా... నా... నాన్నా, ప్రార్థన అయ్యాక లోపల హా... హాజరు పిలుస్తారు కదా. అప్పటిదాకా ఉండొచ్చా?"

ఉండవద్దని నోటి దాకా వచ్చింది. అనలేకపోయాను. (ఆ)లో ఏమి మార్చాలో నాకు తెలియలేదు, అలాగే ఉంచాను. ఆ బడి వారికి ఒక్క మాట చెప్పించండి చాలు. యశస్విని అని పిలిస్తే, పలికేదాకా ఆగమనండి. పలుకుతుంది.