గోడ దిక్కు లక్ష్మీదేవర

వెల్గటూర్, మంగళవారం రాత్రి

ఊళ్లోని పెద్దకులాల వాళ్లు మా నాయకపోడు గూడెం వాళ్లను 'అడివి మనుషులు' అని తిట్టి కొట్టిన రోజునే, మేం కొలిచే లక్ష్మీదేవర కర్రమొహాన్నీ పగలగొట్టారు. అది మేం పెట్టిన కేసులో సాక్ష్యమని ఇంకా ఠాణాలోనే ఉంది. దేవరకు గోదావరిలో స్నానం చేయించందే మా ఇళ్లలో కొత్తబియ్యం వండరు.

ఇవాళ నాయనా నేనూ ఠాణాకు పోతే ఎస్సై, "రాజీ పడుర్రి, మీ దేవుణ్ణి ఇప్పుడే తీస్కపోవచ్చు" అన్నాడు.

నాయన నుదుటి మీది కుట్లు తడుముకున్నాడు. "కేసు వాపస్ తీస్కోం సారూ. గానీ తల్లి మొహం గోడ దిక్కు పెట్టిండ్రు. జర గిటు తిప్పుర్రి."

"సాక్ష్యం ముట్టొద్దు," అన్నాడు ఎస్సై.

రాజీ పడి ఉంటే రేపే పండుగ. పడకపోవడమే సరి అని నాకూ తెలుసు. కానీ ఇంకా ఎన్నాళ్లు…

నాయన అన్నం తినలేదు. గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.