కొండమీద ఆర్పని పొయ్యి

జేజీ,

నీ మనవరాలు రాస్తున్నా. నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు మేకలు మేపిన సోమేనహళ్ళి కొండమీదనే మొన్న మా ఆయనతో, ఆయన స్నేహితులతో కలిసి గుడారం వేసుకొని పడుకున్నాం. పొద్దున్నే బయలుదేరేటప్పుడు, నువ్వు చేసినట్టే, రాత్రి వండుకున్న పొయ్యిలో నిప్పు ఆరిందో లేదోనని బూడిదలో చెయ్యి పెట్టి చూడబోయాను.

"ఏమే, బూడిదలో బంగారం వెతుకుతాండావా?" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. సిగ్గేసి లేచి వచ్చేశాను. నీళ్లు కూడా పోయలేదు.

కొండ దిగేసరికి పైన పొగ లేచింది. వెనక్కి పరుగెత్తి, పచ్చికొమ్మలతో కొట్టి మంట ఆర్పాం. అప్పటికే మేకలకు ఎండాకాలానికి మిగిలిన గడ్డి సగం కాలిపోయింది. మేకలు తోలుకొచ్చిన ముసలమ్మ నా తల నిమిరింది.

"ఎవురో పాపిష్టోళ్లు నిప్పు పెట్టి పోయినారు. మీరన్నా ఆర్పినారు. నీ కడుపు చల్లగుండాల తల్లీ."

ఆ దీవెన తీసుకొని వచ్చేశాను జేజీ.