సారంగపాణికి శాలువా

సెప్టెంబర్ 12, 1983
మార్కెట్‌లో మక్కజొన్న బండ్లు గేటు దాకా నిలబడ్డాయి. హమాలీలకు మేస్త్రీని నేను, కదలడానికి లేదు. అయినా పొద్దుగూకగానే కాజీపేట పోయాను. వినాయకుడి పందిట్లో సారంగపాణి ప్రోగ్రాం. రైలింజన్ నడిపి రిటైరైన మనిషి. ఎలక్ట్రిక్ గిటార్ మెడకు తగిలించుకుని తను కట్టిన పాటలే పాడతాడు. కాలేజీ వాళ్లు దాన్ని రాక్ అంటారు. ఏదైతే నాకేమి. డ్రమ్ములవాడు వన్ టూ అనబోతే ఆపి, మేము బస్తాలు లెక్కపెట్టినట్టు ఒకటికి బదులు లాభం, రెండు, మూడు అని మొదలుపెట్టాడు. ఒళ్లు ఝల్లుమంది.

సెప్టెంబర్ 19
హనుమకొండలో మళ్లీ విన్నాను. ముందు వరుసవాళ్లు సినిమా పాట అడిగారు. పాడలేదు. శభాష్. అడిగినవాళ్లను నేను తిట్టాను. ప్రోగ్రాం అయ్యాక పోయి సారంగపాణిని పరిచయం చేసుకున్నాను.

అక్టోబర్ 8
మడికొండ ప్రోగ్రాం. మూడో పాటకే గొంతు బొంగురుపోయింది. తర్వాత టీ ఇప్పించాను, మింగలేకపోయాడు. గొంతులో గడ్డ ఉందట. దీపావళి దాటాక ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తుందో రాదో డాక్టరే చెప్పలేనన్నాడట. కొత్త పాట ఒకటి కట్టాడు. ఎవరూ వినలేదు. దీపావళి ముందు వరంగల్‌లో పెద్ద ప్రోగ్రాం ఉంది, అక్కడే పాడతాడట. జబ్బు సంగతి ఇన్నాళ్లు దాచినందుకు గట్టిగా తిట్టాను.

అక్టోబర్ 18
ఆ ప్రోగ్రాం కమిటీ పెద్ద వెంకట్రాజం. వడ్ల వ్యాపారి. అతని దుకాణానికే పోయాను. ఇంత పాటగాడికి ఏనాడైనా ఒక శాలువా కప్పారా అని నిలదీశాను. సన్మానం చేయకపోతే లారీ లోడ్ కాదన్నాను. ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే నా భార్య కట్టమ్మ అంది, "పాట ఇననీకి పోతానవా, పెండ్లి చేయనీకి పోతానవా?" దానికేం తెలుసు.

అక్టోబర్ 24
వడ్లు వచ్చి పడ్డాయి. నడుము పోయింది.

నవంబర్ 3, పొద్దున ఐదు
నిద్ర లేదు. నిన్నటి ప్రోగ్రాం ప్రోగ్రామా? సారంగపాణిని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. దండలు ముక్కు దాకా వేశారు. గిటార్ తీసి మూలకు పెట్టారు. ఒకడు లేచి కళామతల్లి ముద్దుబిడ్డ అన్నాడు. ఇంకొకడు లేచి అదే అన్నాడు. వెంకట్రాజం వాళ్ల తాత గొప్పలు చెప్పాడు. ఎవరో లీడర్ వస్తాడని ఆగారు. వచ్చాడు, కరెంటు సమస్య గురించి మాట్లాడాడు. నేను స్టేజీ ఎక్కి మైకు గుంజుకున్నాను.
"మీ ముచ్చట్లు సాలు. మేం పాట ఇననీకి వచ్చినం."
జనం చప్పట్లు కొట్టారు. అప్పటికే పోలీసాయన వచ్చి టైం అయిందన్నాడు. మైకువాడు వైర్లు చుట్టేశాడు. ఉత్త గొంతుతో పాడే శక్తి సారంగపాణికి లేదు.
ఈ సన్మానం ఎవరు పెట్టమన్నారని మెట్లు దిగుతూ అడిగాడు. వెంకట్రాజం నన్ను చూపించాడు.

నవంబర్ 5
సారంగపాణి ఇంటికి పోయాను. ముందు నేనే అరిచాను. బొమ్మలాగ ఎందుకు కూర్చున్నావ్, శాలువా విసిరికొట్టి పాడొద్దా అని. అతను అరవలేదు. అరవడానికి గొంతేది. దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు:
"నా పాట మింగింది నువ్వే, మేస్త్రీ. ఇగ నువ్వే పాడు."
హమాలీల మీద అరిచే గొంతు నాది, పాటకు పనికిరాదన్నాను. తలుపు గొళ్లెం పెట్టాడు. రాసుకుంటానంటే వద్దన్నాడు. ఎవరూ వినని ఆ కొత్త పాటను ఒక్కో మాట నోటితోనే చెప్పి అనిపించాడు. తప్పు పాడినప్పుడల్లా మోకాలి మీద కొట్టాడు. నా కన్న తండ్రి కూడా నన్ను కొట్టలేదు.

నవంబర్ 8
సీజన్‌లో పనికి పోవడం లేదు, రోజూ సారంగపాణి ఇంట్లో పాటే. వెంకట్రాజం లారీలు నిలిచాయట. నిలవనీ.

నవంబర్ 10
ఆపరేషన్ అయింది. బతికాడు. మాట పోయింది.

నవంబర్ 19
దవాఖానలో మంచం మీద కూర్చుని, వైరు తగిలించకుండానే గిటార్ వాయించాడు. నేను పాడాను, చివరిదాకా. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. ఆయన తల అడ్డంగా ఊపి, వేలు గిర్రున తిప్పాడు. మళ్లీ మొదటినుంచి.
కోపమొచ్చింది. పాడాను.